కంట్లో సూదికి అనుమతి

మా అత్త నా వంటగదిలో గ్లాసు పక్కన పాలు పోసింది. పలమనేరులో పెద్దకొడుకు ఇంట్లో ఉంటూ నాలుగు ఆవులను సాకే మనిషి ఆమె, ముందురోజే మమ్మల్ని చూడటానికి వచ్చింది. అరవై రెండేళ్ళ వయసులో కూడా తెల్లవారేసరికి పాలు పితికి, క్యాను తానే మోసుకుని పాలకేంద్రానికి పోతుంది. అటువంటి ఆమె చేతిలోంచి పాలు గట్టు మీదికి, గట్టు మీది నుంచి నా చీర కుచ్చిళ్ళ మీదికి కారుతుంటే, ఆమె మాత్రం ఇంకా పోస్తూనే ఉంది.

"అత్తా, గ్లాసు ఇక్కడుంది," అన్నాను.

"యాడ పోస్తా ఉండాను మరి?" అంది.

కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడ్డాను. నన్ను చూడమన్నాను. ఆమె తల కాస్త పక్కకు తిప్పి, చాలాసేపు నా భుజం మీదుగా చూసింది.

"నీ చెవులు కనపడతా ఉండాయి మే. కమ్మలు కూడా కనపడతా ఉండాయి. నడిమధ్య మొగమే లేదు."

నాకు మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆమె ఎడమ కన్ను గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడు ఒక కోడెదూడ కొమ్ము తగిలి ఆ కన్ను పోయింది. దాంతో వెలుగూ చీకటీ తేడా తెలుస్తుందంతే. బతుకంతా నెట్టుకొచ్చింది కుడి కన్నుతోనే. ఇప్పుడు మొగం లేనిది ఆ కంటికే.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, "చలికాలం నుంచీ," అని తేలిగ్గా చెప్పింది. పొదుగు తడిమి పాలు పితికేది. పాలకేంద్రంలో ఇచ్చే చీటీని మా తోడికోడలితో చదివించుకునేది. ఎదురుపడిన వాళ్ళను గొంతు బట్టి గుర్తుపట్టేది. ఒకే ఇంట్లో ఉంటూ మా బావగారు కూడా కనిపెట్టలేదు. పండగలకు మాత్రమే చూసే నేనెలా కనిపెడతాను?

మర్నాడు నేను సెలవు పెట్టాను. ఏర్పేడు దగ్గర ఒక కళాశాల గ్రంథాలయంలో నా ఉద్యోగం. మా ఆయన తిరుమలలో నీళ్ళ పైపుల పని చూస్తాడు. వారంలో ఎక్కువ రోజులు కొండ మీదే ఉంటాడు. అందుకని అత్తను కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది నేనొక్కదాన్నే.

కంటి డాక్టరు నాకంటే చిన్నది. స్కాను బొమ్మను తెర మీద పెట్టి చూపించింది. మా ఊరి కొండల వరసలా ఉంది ఆ బొమ్మ. మధ్యలో ఒక గుంట ఉండాలట. గుంట ఉండాల్సిన చోట దిబ్బ ఉంది.

"షుగర్ వల్ల చూపు నిలిచే చోట నీరు చేరి ఉబ్బిందమ్మా. కంట్లోకి ఇంజెక్షన్ ఇవ్వాలి. నెలకొకటి చొప్పున మూడు. ఆ తర్వాత చూద్దాం."

"కంట్లోనా?" అంది అత్త.

"నొప్పి తెలీకుండా చుక్కలు వేస్తాం. ఐదు నిమిషాల పని. సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు."

అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆవులకు వేసే సూదులన్నీ దగ్గరుండి వేయించే మనిషే, కానీ ఇది వేరు. కాసేపటికి "సరే, వేయండి" అంది. ఆ 'సరే' అనడం ఆమెకు ఎంత కష్టమో నాకు ఆ పూట అర్థం కాలేదు. అర్థమై ఉంటే తర్వాత జరిగినవాటికి ఇంకాస్త జాగ్రత్తగా ఉండేదాన్నేమో.

మా కళాశాల ఉద్యోగులందరికీ కలిపి ఒక ఆరోగ్య బీమా ఉంది. తల్లిదండ్రులనో అత్తమామలనో, ఎవరో ఒకరిని చేర్చుకోవచ్చు. మా అమ్మా నాయనా లేరు. మామ కూడా లేడు. కాబట్టి అత్త పేరు రాశాను. ఆసుపత్రి కింది అంతస్తులో బీమా బల్ల ఉంది. అక్కడి అమ్మాయి మా కార్డు తీసుకుని, డాక్టరు నింపిన కాగితాన్ని కంపెనీకి పంపింది. "రెండు గంటల్లో అనుమతి వచ్చేస్తుందక్కా, అంతలో చుక్కలు వేయించండి," అంది.

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశారు. కళ్ళు మూసుకుని కూర్చున్న అత్త పక్కనే చిత్తూరు నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు. బజారువీధిలో పప్పుదినుసుల అంగడి ఉందట. ఆయనకూ అదే జబ్బు, అదే సూది. సొంతంగా కట్టుకున్న బీమా, కంపెనీ మాత్రం మాదే. ఆయన కాగితం మా కాగితం తర్వాత వెళ్ళింది. అనుమతి అరగంటలో వచ్చింది.

"మీది కూడా వచ్చేస్తాది లేమ్మా," అని చెప్పి లోపలికి పోయినాడు. కంటి మీద తెల్లటి మూత పెట్టుకుని ఆయన బయటికి వచ్చేసరికి మేము ఇంకా అక్కడే ఉన్నాం.

మధ్యాహ్నానికి మాకు జవాబు వచ్చింది. ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలో చేరి ఉండని చికిత్సకు అనుమతి లేదు అని.

"ఆయనా చేరలేదు కదా?" అని బల్ల దగ్గరి అమ్మాయిని అడిగాను.

"అవునక్కా."

"మరి?"

ఆ అమ్మాయి తెర వైపు చూసింది, నా వైపు చూసింది. "మళ్ళీ పంపుదామక్కా. మీ పాలసీ పుస్తకంలో ఎక్కడైనా ఈ ఇంజెక్షన్ పేరు ఉందేమో చూడండి."

గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. పుస్తకంలో ఏదైనా వెతకమంటే నాకు భయం ఉండకూడదు. ఫోనులో ఆ పుస్తకం తెరిచి, వరండాలో నిలబడే చదివాను. ఒక పేజీలో ఆసుపత్రిలో ఒక రోజు ఉండనవసరం లేని చికిత్సల జాబితా ఉంది. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు అని అందులో స్పష్టంగా ఉంది. పరుగెత్తుకెళ్ళి చూపించాను. ఆ అమ్మాయి ఆ పేజీని కూడా జతచేసి పంపింది. తిరిగి వచ్చి మిగతాది చదువుతుంటే, ఇరవై పేజీల తర్వాత, కేవలం ఇంజెక్షను కోసమే ఆసుపత్రికి వచ్చే చికిత్సకు బీమా వర్తించదని ఇంకో వాక్యం కనిపించింది. రెండు వాక్యాలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఏది దేనికి లోబడి ఉంటుందో ఎన్నిసార్లు చదివినా నాకు తెలియలేదు. ఆ రెండో వాక్యాన్ని ఎవరికీ చూపించకుండా ఫోను మూసేశాను.

సాయంత్రం నాలుగున్నరకు రెండో జవాబు వచ్చింది. ఇరవై నాలుగు గంటల మాట ఇందులో లేదు. 'సమర్పించిన పత్రాల ఆధారంగా ఈ చికిత్స వైద్యపరంగా అవసరమని నిర్ధారించలేకపోతున్నాము' అని ఉంది.

"ఏమంటా ఉండారు?" అంది అత్త. చుక్కల వల్ల ఆమెకు ఆ పూట అంచులు కూడా సరిగా కనిపించడం లేదు.

అక్కడ నేను పొరపాటు చేశాను. ఉన్నది ఉన్నట్టు చదివేశాను.

ఆమె మెల్లగా అడిగింది. "ఆ రాసినాయన డాక్టరేనా?"

"వాళ్ళ దగ్గర కూడా డాక్టర్లు ఉంటారత్తా. వాళ్ళే చూస్తారంట."

"అయితే అవసరం లేదని ఒక డాక్టరు చెప్పినట్టే గదా. అవసరం లేని సూది కంట్లో యాల పొడిపించుకునేది?"

"అది కాదత్తా. డబ్బు విషయంలో..."

"డబ్బు లేదని చెప్పలేదు గదా వాళ్ళు. అవసరం లేదని చెప్పినారు. నువ్వే సదివితివి."

డబ్బు మనమే కట్టి వేయించుకుందామని మా ఆయన కొండ మీది నుంచి ఫోను చేసి చెప్పాడు. తర్వాత కంపెనీని అడగొచ్చు అన్నాడు. అత్త వినలేదు. ఆమెకు డబ్బు గొడవే కాదది. ఉదయం ఒక డాక్టరు సూది వేయాలంది, సాయంత్రం ఇంకో డాక్టరు వద్దన్నాడు. ఇద్దరిలో సూది వేయని మాటే ఆమెకు నచ్చింది. మర్నాడు పొద్దున్న చిత్తూరు మీదుగా పోయే బస్సెక్కి పలమనేరు వెళ్ళిపోయింది. బస్సు మెట్టును కాలితో తడుముకుంటూ ఎక్కడం నేను కిందనుంచి చూశాను.

ఆ తర్వాత మూడు వారాలు రోజూ ఫోను చేశాను. ఆవు ఈనిందని, మేత రేటు పెరిగిందని, ఏవేవో చెప్పేది. కన్ను సంగతి ఎత్తితే, "ఆ యప్ప వద్దన్నాడు గదా" అని ముగించేది. కంపెనీలో జవాబు రాసిన ఆ యప్ప ఎవరో ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు. అయినా మా ఇంట్లో ఆ మనిషి మాట చెల్లుబాటైపోయింది. ఒక్కోసారి నాకూ సందేహం కలిగేది. నిజంగానే అవసరం లేదేమో. కంటి డాక్టరు తొందరపడిందేమో. ఆ అంగడాయనకు అవసరమై, మా అత్తకు అవసరం లేకపోవడానికి ఏదో కారణం ఉండే ఉంటుందేమో, పెద్ద చదువులు చదివినవాళ్ళకు తెలిసినది మనకు తెలీదేమో. అలా అనుకున్న మరుక్షణం, గట్టు మీద పారిన పాలు కళ్ళముందు కదిలేవి.

కంపెనీ ఫోను నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనేది. ఎలాగోలా ఒక ఫిర్యాదు రాయించగలిగాను. నాలుగో రోజు మధ్యాహ్నం, నేను పుస్తకాలు బీరువాలో సర్దుతుండగా, ఒకాయన ఫోను చేశాడు. నెమ్మదైన గొంతు. కంపెనీ తరఫున కాగితాలు చూసే డాక్టరునని చెప్పుకున్నాడు. ఆ యప్ప ఈయనేనా అని అడగబోయి ఆగాను. పుస్తకాల బండి వదిలేసి వరండాలోకి వచ్చాను.

"అమ్మా, మీ అత్తగారి కాగితం నా ముందుంది. మొదట చూసింది నేను కాదు. ఎవరు చూశారో నేను చెప్పలేను."

"సార్, ఆమెకు అవసరం లేదని ఎట్లా తేల్చారు? ఆమెను ఎవరూ చూడలేదు కదా?"

"మేము మనిషిని చూడమమ్మా. కాగితం చూస్తాం. జబ్బు పేరు, మందు పేరు, అది పాలసీలో ఉందా, ముందు ఇవ్వాల్సిన వేరే చికిత్స ఏమైనా ఉందా, అడిగిన మందుకూ జబ్బుకూ పొంతన ఉందా. ఇదంతా కాగితంలో కనిపించాలి. మీ కాగితంలో 'చూపు మెరుగుపడటానికి' అని రాశారు. ఆ మాటతో చూసేవాళ్ళకు అది కళ్ళద్దాలతో సరిపోయే కేసులా కనపడవచ్చు."

"అంతేనా?"

"అదే కారణమని నేను అనడం లేదు. అది ఒక కారణం కావచ్చు. ఎడమ కంటి చూపు ఎంతో కూడా రాయలేదు. ఆ గడి ఖాళీగా ఉంది."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆయన మర్యాదగా, ఓపికగా మాట్లాడుతున్నాడు. మా అత్తను గౌరవంగా 'ఆవిడ' అంటున్నాడు. కోపం పెట్టుకోవడానికి మనిషి దొరికాడనుకుంటే, దొరికినాయన మంచివాడిలా ఉన్నాడు.

"చిత్తూరాయనకు అరగంటలో ఇచ్చారు సార్. అదే ఆసుపత్రి, అదే డాక్టరు, అదే జబ్బు."

"వాళ్ళ కాగితం నేను చూడలేదమ్మా. చూసినా మీకు చెప్పకూడదు."

"మా అత్త సూది వద్దంటోంది. మీరు అవసరం లేదన్నారని. మీరొక్క మాట ఆమెతో మాట్లాడతారా?"

ఆయన ఈ సంగతి ఊహించినట్టు లేదు.

"నేను మాట్లాడకూడదమ్మా. ఆవిడ నా పేషెంటు కాదు," అన్నాడు. ఆగి, గొంతు తగ్గించి, "కానీ మీరు చెప్పండి. కాగితం చాలలేదన్నాం. కన్ను బాగుందనలేదు," అన్నాడు.

మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆమె నుదురు రుద్దుకుంది. "చూపు మెరుగుపడటానికి అన్నా, చూపు పోకుండా ఆపడానికి అన్నా నేను ఇచ్చేది అదే మందు కదండీ," అంది. అయినా కొత్త కాగితం తీసుకుని, చూపు శాశ్వతంగా పోకుండా ఆపడానికి అని రాసింది. ఎడమ కంటికి చిన్ననాటి దెబ్బ వల్ల చూపు లేదని, పనికొచ్చే కన్ను ఇదొక్కటేనని రెండో వాక్యం చేర్చింది. బల్ల దగ్గరి అమ్మాయి దాన్ని పంపింది. నలభై నిమిషాల్లో అనుమతి వచ్చింది.

ఏ వాక్యం చూసి ఇచ్చారో జవాబులో లేదు. మొదటిదా, రెండోదా, రెండూనా, లేకపోతే ఆ ఫోను చేసినాయన ఎవరికైనా చెప్పాడా? అసలు ఆ రోజు కాగితం ఇంకెవరి ముందుకో పోయిందా? ఆ అమ్మాయిని అడిగితే, "వచ్చింది కదక్కా, ఇంక ఎందుకు ఆలోచిస్తారు," అని నవ్వింది.

ఆదివారం పలమనేరు వెళ్ళాను. అత్త కొట్టంలో కొత్త దూడకు గోనెపట్ట కప్పుతోంది. పక్కన కూర్చుని, ఫోను డాక్టరు చెప్పిన మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పాను. కాగితం చాలలేదన్నారంతే, కన్ను బాగుందనలేదు.

అత్త దూడ వీపు నిమురుతూ విన్నది.

"అట్లయితే అట్లనే రాయకూడదా? కాగితం సాల్లేదని రాస్తే నాకు అర్థం కాదా? అవసరం లేదని యాల రాసినారు?"

"అవసరం లేదని కాదత్తా, అవసరమని తేల్చలేకపోతున్నాం అని రాశారు."

"రెండూ ఒకటి కాదా?"

రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. ఎందుకు కాదో ఆ కొట్టంలో కూర్చుని చెప్పడానికి మాటలు దొరకలేదు. ఆమె లేచి చేతులు కడుక్కుంది.

"సరే పా, పోదాం," అంది.

సూది వేసినప్పుడు నన్ను లోపలికి రానివ్వలేదు. బయటికి వచ్చాక ఎలా ఉందంటే, "పొడిసింది తెలీలేదు. పొడస్తారని ఎదురుసూసేదే కష్టం," అంది.

నెల తిరిగేసరికి నా ముక్కు కనిపించింది ఆమెకు. కళ్ళు ఇంకా మసకే, కానీ ముక్కు ఉందని గట్టిగా చెప్పింది. రెండో సూదికి వెళ్ళినప్పుడు అదే బల్ల దగ్గర చిత్తూరు అంగడాయన మళ్ళీ కలిశాడు. ఈసారి ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"నాకు ఇయ్యలేదమ్మా ఈసారి. మొదటి సూదితోనే సూపు బాగైంది గదా, ఇంక అవసరం కనపడలేదు అని రాసినారు."

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే మా అనుమతి వచ్చింది. మొదటి ఇంజెక్షనుకు చూపు మెరుగైనందున చికిత్స కొనసాగించవచ్చు అని. ఆ అమ్మాయి పైకి చదవబోయి, ఆయన్ను చూసి మధ్యలో ఆపేసింది. ఆయన మాత్రం విన్నాడు.

"బాగైందనే నాకు వద్దన్నారు, బాగైందనే మీకు ఇచ్చినారు," అన్నాడు. తిట్టలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు నన్నడిగాడు. "మీరేం రాయించినారమ్మా?"

డాక్టరు రాసిన రెండు వాక్యాలు చెప్పాను. మొదటిది ఆయన తన కాగితంలో రాయించుకోవచ్చు. రెండోది ఆయనకు కుదరదు. ఆయన రెండో కన్ను బాగానే ఉంది. రెండిట్లో ఏది పనిచేసిందో నాకు తెలీదని కూడా చెప్పాను. ఆయన తల ఊపి, డాక్టరు గది వైపు నడిచాడు. ఆయన్ను మళ్ళీ చూడలేదు. మూడో సూదికి మేము పోయిన రోజు బెంచీ మీద అంతా కొత్తవాళ్ళే ఉన్నారు.

ఇప్పుడు మా అత్తకు మొగాలు కనిపిస్తాయి. చీటీ మీది చిన్న అంకెలు కనిపించవు. నడిమధ్యన వేలి గోరంత మచ్చ ఒకటి ఉండిపోయింది. ముందే, ఆ మొదటి రోజే వేసి ఉంటే ఈ మచ్చ ఉండేది కాదా అని కంటి డాక్టరును అడిగాను. "ఉండేదో లేదో చెప్పలేనమ్మా. చలికాలం నుంచీ ఉన్న వాపు అది. మూడు వారాలు పెద్ద తేడానా కాదా అన్నది ఎవరూ చెప్పలేరు," అంది. ఆమె నా కళ్ళలోకి చూసే చెప్పింది. నేను నమ్మాను. అయినా ఆ మూడు వారాల్ని మనసులోంచి తీసెయ్యలేకపోతున్నాను.

మొన్న దసరా సెలవుల్లో పలమనేరు వెళ్ళినప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్త ఉన్నట్టుండి అడిగింది.

"మే, ఆ మూడు వారాలూ పోయింది నేను రానంటేనా, వాళ్ళు వద్దంటేనా?"

నేను చేతిలో కాయ పట్టుకుని ఆలోచించాను. ఆమెది తప్పని అనలేను. డబ్బు కట్టి వేయించుకుందామన్నా రానన్నది ఆమే. వాళ్ళది తప్పని గట్టిగా అనలేను. గడి ఖాళీగా ఉంది నిజమే. ఆ గడి ఖాళీగా వదిలింది తీరిక లేని ఆసుపత్రి. ఆ జవాబును యథాతథంగా చదివి వినిపించింది నేను.

"నాకు తెలీదత్తా," అన్నాను.

"నాకూ తెలీదు," అంది. తల కాస్త పక్కకు తిప్పి, మచ్చ అడ్డం రాకుండా నన్ను చూసి, మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.